ఒక్క అనిమోన్ రెండెందుకవుతుంది?



ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెంచుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసే విడ్డూరం ఒకటుంది. రాత్రి లైట్లు ఆర్పేటప్పుడు ట్యాంకులో సీ అనిమోన్ ఒక్కటే ఉంటుంది. మర్నాడో, ఆ మర్నాడో చూస్తే రెండుంటాయి. గుడ్లు పెట్టిన జాడ లేదు, పిల్లల్ని కన్న జాడ లేదు. ఉన్నదే నిలువునా చీలి రెండయింది. కొందరు సంబరపడి స్నేహితులందరికీ ఫొటోలు పంపుతారు. కొందరు కంగారుపడి ట్యాంకులో నీళ్లన్నీ మార్చేస్తారు. ఆ సంబరమూ తొందరపాటే, ఆ కంగారూ తొందరపాటే అంటాను నేను. సుఖంగా ఉన్న అనిమోన్ చీలుతుంది, కష్టంలో ఉన్న అనిమోన్ కూడా చీలుతుంది. మన ట్యాంకులోది ఏ కారణంగా చీలిందో తెలియాలంటే చీలిక రోజును కాదు, దానికి ముందరి రెండు మూడు వారాలను చూడాలి. ఇవాళ ఆ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

సీ అనిమోన్‌ను చూసి మొక్క అనుకునేవాళ్లు చాలామంది. అది జంతువు, పైగా మాంసాహారి. ఇంటర్మీడియట్‌లో జువాలజీ చదివినవాళ్లకు హైడ్రా గుర్తుండే ఉంటుంది. హైడ్రా, జెల్లీ చేపలు, పగడాలు, సీ అనిమోన్లు అన్నీ నిడేరియా అనే ఒకే పెద్ద వర్గానికి చెందినవి. అడుగున రాయిని పట్టుకునే పాదం, దాని మీద కండపట్టిన గొట్టం లాంటి ఒళ్లు, పైన గుండ్రటి బిళ్ల, ఆ బిళ్ల నడుమ నోరు, చుట్టూ స్పర్శకాలు. ఆహారం లోపలికి పోయేదీ, అరగని పిప్పి బయటికి వచ్చేదీ ఆ నోటి గుండానే. మెదడు లేదు, గుండె లేదు, ఎముక లేదు. ఒళ్లంతా పరుచుకున్న నాడుల వల ఒకటి ఉంటుంది. స్పర్శకాల నిండా దంశకణాలుంటాయి. తగిలిన చిన్న జీవిని అవి కుట్టి కదలకుండా చేస్తాయి. విశాఖపట్నంలో తెన్నేటి పార్కు దిగువనో, రుషికొండ దగ్గరో సముద్రం వెనక్కి తగ్గిన వేళ రాళ్ల మధ్య నీటి గుంటల్లోకి తొంగి చూడండి. అనిమోన్లు అక్కడే కనబడతాయి. చెయ్యి పెట్టకుండా చూడండి, పాపం అవి చటుక్కున ముడుచుకుపోతాయి.

ఈ ఒంటి కట్టుబడిలో ఒక విశేషం గమనించాలి. మన శరీరంలో తల ఒకటే, గుండె ఒకటే. నిలువునా రెండు చేస్తే ఏ సగమూ బతకదు. అనిమోన్‌కు నోరు తప్ప ఒక్కటిగా ఉండే అవయవం అంటూ దాదాపు లేదు. ఒంటి లోపల నిలువు తెరలు చుట్టూ వరసగా ఉంటాయి. స్పర్శకాలూ చుట్టూతా ఉంటాయి. నాడుల వలకు మధ్య బిందువు లేదు. కాబట్టి నోటి మీదుగా నిలువునా చీలితే ప్రతి సగానికీ అన్నీ కొంత కొంత దక్కుతాయి. ఆ తర్వాత చెయ్యాల్సింది గాయాన్ని మూసుకోవడం, తక్కువైన భాగాన్ని పెంచుకోవడం. ఈ రెండు పనుల్లోనూ ఈ వర్గం జీవులు గట్టివి. 1740లలో అబ్రహాం ట్రెంబ్లీ అనే స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త హైడ్రాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కా మళ్లీ పూర్తి హైడ్రా కావడం చూపిస్తే యూరప్ పండితులు నోరు వెళ్లబెట్టారు.

ఇళ్లల్లో ఎక్కువగా చీలేది బబుల్ టిప్ అనిమోన్. శాస్త్రీయంగా ఎంటక్మియా క్వాడ్రికలర్. స్పర్శకాల కొసల దగ్గర చిన్న చిన్న బుడగల్లా ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్‌లోని సమోవా దాకా పగడపు దిబ్బల మీద దొరుకుతుంది. క్లౌన్ ఫిష్‌కు ఆశ్రయమిచ్చే అనిమోన్లలో అన్నిటికంటే ఎక్కువ రకాల చేపలకు చోటిచ్చేది ఇదే. సముద్రంలో ఇది రెండు రకాలుగా బతుకుతుంది. లోతు నీళ్లలో ఒంటరిగా, పెద్దగా, 40 సెంటీమీటర్ల వెడల్పు దాకా పెరుగుతుంది. లోతు తక్కువ నీళ్లలో చిన్నచిన్నవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపుగా రాళ్ల సందుల్లో ఉంటాయి. ఆ గుంపులు చాలావరకు ఒకే అనిమోన్ చీలి, చీలి ఏర్పడినవే.

ఆ చీలడం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ముందు రోజే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన బిళ్ల కోలగా సాగుతుంది. నోరు మామూలు కంటే పొడుగ్గా, కొన్నిసార్లు కాస్త తెరుచుకుని ఉంటుంది. అడుగున పాదం ఒక అంచు రాయికి ఇటు పక్క, రెండో అంచు అటు పక్క పట్టు బిగించి, రెండూ ఎదురెదురు దిక్కులకు నడవడం మొదలుపెడతాయి. నడుమ కండ పల్చబడుతుంది, లైటు వెలుతురులో అవతలి రాయి కనిపించేంత పల్చగా. చివరికి సన్నటి తంతువులా మిగిలి అదీ తెగిపోతుంది. ఒక్కోసారి ఇదంతా కొన్ని గంటల్లో అయిపోతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులు లాగుతుంది. తెగిన వెంటనే చూస్తే ఒక్కో సగమూ అర్ధచంద్రాకారంలో, ఒక పక్క స్పర్శకాలతో, రెండో పక్క బోసిగా, చిరిగిన అంచుతో ఉంటుంది. జిగురు కారుతుంది. చాలావాటికి చీకటి సందు కావాలి, అందుకే రాళ్ల వెనక్కి పోయి ముడుచుకుంటాయి. నాలుగైదు రోజులకు చిరిగిన అంచులు రెండూ కలిసి ఒళ్లు మళ్లీ గొట్టంగా మూసుకుంటుంది. నోరు నడుమకు జరుగుతుంది. వారం, పది రోజులకు బోసిపక్క కొత్త స్పర్శకాల మొటిమలు తేలుతాయి. ఓపిగ్గా చూసేవాళ్లకు అంతకు మించిన ముచ్చట లేదు.

సరే, ఎందుకు చీలుతుంది?

ముందుగా, ఇంటి ట్యాంకులో దీనికి వేరే దారి లేదు. బబుల్ టిప్ అనిమోన్లలో ఆడవి వేరు, మగవి వేరు. సముద్రంలో అవి అండాలను, శుక్రకణాలను నీళ్లలోకి వదులుతాయి. ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని సాలిటరీ దీవుల దగ్గర గమనించినప్పుడు అవి ఎండాకాలం రెండో సగంలో, పౌర్ణమి తర్వాతి కొన్ని రాత్రుల్లో ఈ పని చేశాయి. నీళ్లలో కలిసిన బీజాల నుంచి ప్లాన్యులా అనే ఈదే డింభకం పుడుతుంది. అది కొన్నాళ్లు తిరిగి నచ్చిన రాయి మీద దిగుతుంది. ఇందులో మన ట్యాంకులో ఏది సాధ్యం? ఉన్నది ఒక్క అనిమోన్. అది చీలి పది అయినా ఆ పదీ ఒకే లింగం, ఎందుకంటే పదీ ఒకే జీవి నకళ్లు. లైటు ఏడాదంతా టైమరు ప్రకారం ఒకేలా వెలుగుతుంది, రుతువు లేదు, పౌర్ణమి లేదు. ఒకవేళ బీజాలు విడుదలైనా వాటిని ఫిల్టరు, మురికి తీసే స్కిమ్మరు, పంపు మింగేస్తాయి. అందుకే ఇంట్లో అనిమోన్‌కు సంతానం అంటే దాదాపు చీలికే.

అయితే దారి ఇదొక్కటే ఉన్నంత మాత్రాన ఆ దారి పట్టాలని లేదు. ఏళ్ల తరబడి చీలకుండా ఒక్కటిగానే ఉన్నవీ ఉంటాయి. మరి ఫలానా రోజున చీలమని దానికి చెప్పేదేమిటి? ఇక్కడ శాస్త్రవేత్తలు గమనించిన రెండు సంగతులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి.

అమెరికా పసిఫిక్ తీరంలో ఆంథోప్లూరా ఎలిగాంటిసిమా అనే అనిమోన్ ఉంది. అలల దెబ్బ తినే రాళ్లను అది గుంపులు గుంపులుగా కప్పేస్తుంది. ఒక్కో గుంపూ ఒక్క అనిమోన్ చీలికల నుంచి వచ్చినదే. 1973లో లిజ్బెత్ ఫ్రాన్సిస్ ఈ గుంపుల మధ్య వేలెడు వెడల్పున ఖాళీ రాయి ఎందుకుంటుందో వివరించారు. వేరే గుంపు అనిమోన్ తగిలితే అంచున ఉన్నవి ప్రత్యేకమైన ముళ్ల సంచులు ఉబ్బించి కుడతాయి. సొంత నకలు తగిలితే ఏమీ అనవు. మెదడు లేని జీవికి ‘నాది’, ‘పరాయిది’ అన్న ఎరుక ఉండడం ఆశ్చర్యమే. మన సంగతికొస్తే, కెనెత్ సెబెన్స్ అనే శాస్త్రవేత్త వీటిని ప్రయోగశాలలో పెంచి 1980లో చెప్పిన మాట ముఖ్యం. ఈ జాతిలో తిండి బాగా దొరికినవి చీలకుండా పెరుగుతాయి, పస్తున్నవి చీలుతాయి. అంటే ఇక్కడ చీలిక ఆకలి గుర్తు.

ఇప్పుడు పసిఫిక్ నడుమ ఉన్న మూరియా దీవికి వెళ్దాం. అక్కడ శాలీ హోల్‌బ్రుక్, రస్సెల్ ష్మిట్ మరో రకం పెద్ద అనిమోన్‌ను పరిశీలించి 2005లో ప్రకటించారు. క్లౌన్ ఫిష్ కాపురమున్న అనిమోన్లు త్వరగా పెరిగాయి, ఎక్కువగా చీలాయి, తక్కువగా చచ్చాయి. చేపలు లేనివి వెనకబడ్డాయి. చేప తన అనిమోన్‌ను కొరుక్కుతినే సీతాకోకచిలుక చేపల్ని తరిమేస్తుంది. దాని విసర్జనలోని అమ్మోనియా అనిమోన్ ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలకు ఎరువవుతుంది. ఆ శైవలాలు వెలుతురులో తయారుచేసే చక్కెరలే అనిమోన్‌కు రోజువారీ తిండిలో పెద్ద వాటా. అంటే ఇక్కడ చీలిక కలిమి గుర్తు.

ఒక చోట ఆకలి, ఒక చోట కలిమి. రెండూ నిజమేనా? సెబెన్సే తర్వాత ప్రతిపాదించిన ఒక లెక్కతో ఈ ముడి చాలావరకు విడిపోతుందని నాకనిపిస్తుంది. ఇంటి జమాఖర్చుల పుస్తకం తెరిచి చూసినట్టు చూడండి. అనిమోన్‌కు రాబడి వచ్చేది పై బిళ్ల నుంచి. వేటాడేదీ అదే, వెలుతురు పట్టేదీ అదే. ఖర్చు మాత్రం ఒళ్లంతటిదీ. బిళ్ల వెడల్పు రెండింతలైతే దాని వైశాల్యం నాలుగింతలవుతుంది. ఒళ్లు కూడా అదే పొందికలో పెరిగితే బరువు ఎనిమిదింతలవుతుంది. రాబడి నాలుగింతలు, పోషించాల్సిన ఒళ్లు ఎనిమిదింతలు. కాబట్టి ఒక సైజు దాటాక పెరిగిన కొద్దీ మిగులు తగ్గుతుంది. ప్రతి చోటికీ, ఆ చోట దొరికే తిండికీ తగిన ఒక సైజు ఉంటుంది. తిండి పుష్కలంగా ఉంటే జీవి ఆ సైజును త్వరగా చేరుతుంది. ఇంకా పెరగడం కంటే రెండుగా చీలి, రెండూ పెరగడం లాభం. తిండి తగ్గిందనుకోండి, తగిన సైజే చిన్నదైపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన ఒళ్లు ఇవాళ మోయలేని బరువు. అప్పుడూ చీలికే దారి. రెండు చోట్లా కారణం ఒకటే. ఉన్న ఒళ్లు వస్తున్న రాబడికి పెద్దదైపోయింది.

అయితే ఈ లెక్క ఒక్కటే అన్నిటికీ జవాబు కాదు. లోతు నీళ్ల బబుల్ టిప్ అంత పెద్దదయ్యీ ఒంటరిగానే ఉంటుందని ఇందాక చెప్పుకున్నాం. వంశమూ, నివాసమూ కలిసి నడిపించే సంగతులు కొన్ని ఉన్నాయి. వేడి కూడా ఒక కారణం. ఆసియా నుంచి ఓడల వెంట ప్రపంచమంతా పాకిన డయాడ్యూమెనె లినియేటా అనే చిన్న చారల అనిమోన్ నీరు వెచ్చబడితే త్వరత్వరగా చీలుతుంది. వలస వెళ్లిన చాలా చోట్ల అది జత లేకుండా కేవలం చీలుతూనే నిలదొక్కుకుంది. అలలు కొట్టే చోట ఇంకో లాభమూ ఉంది. ఒక్కటిగా ఉంటే ఒక్క అల ఊడబెరికితే అంతా పోయినట్టే. పదిగా ఉంటే తొమ్మిది పోయినా వంశం నిలుస్తుంది.

మన ట్యాంకులో చీలే బబుల్ టిప్‌ల విషయంలో నాకు మరో ఆలోచన ఉంది. ఇవి చాలావరకు ఒకరి ట్యాంకు నుంచి మరొకరి ట్యాంకుకు, అక్కడినుంచి ఇంకొకరికి చేతులు మారినవి. చేతులు మారడానికి ఏవి మిగులుతాయి? చీలేవే మిగులుతాయి. చీలని అనిమోన్ ఆ ఇంట్లోనే ఒక్కటిగా ఉండిపోతుంది. అంటే ఎవరూ అనుకోకుండానే, సులువుగా చీలే వంశాలను పెంపకందార్లే ఏరి ఏరి వ్యాపింపజేస్తున్నారు. ఇళ్లల్లో ఇంతగా చీలడానికి ఇదొక బలమైన కారణమని నేను నమ్ముతాను.

చీలిక ఒక్కటే మార్గం అనుకోకండి. ట్యాంకుల్లో అడగకుండా వచ్చి చేరే ఐప్టేసియా అనే గోధుమరంగు చిన్న అనిమోన్ నడుస్తూ నడుస్తూ పాదం అంచున చిన్న తునకలు వదిలేస్తుంది. ఒక్కో తునకా ఒక అనిమోన్ అవుతుంది. దాన్ని గోకి తీద్దామనుకున్నవాళ్లకు నెల తిరిగేసరికి ఒకటికి పది కనిపిస్తాయి. బ్రిటన్ తీరాల్లోని ఎర్ర అనిమోన్ మరో తరహా. అది పిల్లల్ని ఒంట్లోనే పెంచి నోటి గుండా బయటికి వదులుతుంది. ఆ పిల్లలు తల్లి నకళ్లేనని తర్వాతి పరీక్షల్లో తేలింది. స్కాట్లండ్‌లో సర్ జాన్ గ్రహం డాలియెల్ 1828లో నార్త్ బెర్విక్ తీరం నుంచి అలాంటి అనిమోన్‌ను తెచ్చి ఎడిన్‌బరోలో గాజు జాడీలో పెంచాడు. జనం దానికి గ్రానీ అని, అంటే నాయనమ్మ అని పేరు పెట్టారు. 1851లో డాలియెల్ పోయాడు. జాడీ ఒకరి నుంచి మరొకరికి అందింది. నాయనమ్మ జత లేకుండానే వందల పిల్లల్ని వదులుతూ 1887 దాకా బతికింది. పంపు లేదు, కరెంటు లేదు. ఎప్పటికప్పుడు మార్చిన సముద్రపు నీళ్లు, అప్పుడప్పుడూ ఒక ఆల్చిప్ప మాంసం. అంతే.

మళ్లీ మన ఇంటి ట్యాంకుకు వద్దాం. అనిమోన్ చీలినప్పుడు ముందు ఏం మారిందని ఆలోచించాలి. చీలికకు ముందరి రెండు మూడు వారాల్లో దాని ఒళ్లు నిగనిగలాడుతూ, రంగు నిండుగా, ఒకే చోట స్థిరంగా ఉండి, పెట్టిన రొయ్య ముక్కను చురుగ్గా పట్టుకుని, పెద్దదవుతూ వచ్చి ఉంటే ఆ చీలిక కలిమి చీలికే. నిశ్చింతగా ఉండండి. అలా కాక రంగు వెలిసి, రోజుకో చోటికి నడుస్తూ, ముడుచుకుని, నోరు తెరుచుకుని ఉండి చీలితే అది కష్టం. కొత్త ఎల్‌ఇడి లైటు ఒక్కసారిగా పూర్తి వెలుగులో పెట్టారా? ఒకే రోజు సగానికి పైగా నీళ్లు మార్చారా? ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు పోయడం మరచి ఉప్పు సాంద్రత ఎక్కిందా? హైదరాబాదు లాంటి ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కరెంటు పోతే ట్యాంకు నీరు గంటల్లో వేడెక్కుతుంది. 25 నుంచి 27 డిగ్రీలకు అలవాటుపడిన జీవికి 31 డిగ్రీలంటే ప్రాణసంకటం. నీటిని తిప్పే పవర్‌హెడ్ పంపు రెక్కల్లో చిక్కుకుని కోసుకుపోయిన అనిమోన్ కూడా ఒక్కోసారి రెండుగా బతుకుతుంది. దాన్ని చీలిక అనలేం, అది గాయం. పవర్‌హెడ్‌కు స్పాంజి తొడుగో జాలీయో వెయ్యడం అనిమోన్ తెచ్చే ముందే చెయ్యాల్సిన పని.

చీలిన తర్వాత మొదటి వారం దాని జోలికి వెళ్లకండి. రాళ్లు కదపొద్దు, లైటు పెంచొద్దు, బలవంతాన తిండి పెట్టొద్దు. మానని నోరు పట్టుకోలేక వదిలేసిన ముక్క కుళ్లి నీటిని పాడుచేస్తుంది. నోరు నడుమకొచ్చి మూసుకున్నాక, చిన్న మైసిస్ రొయ్యనో, బఠాణీ గింజలో సగమంత రొయ్య తునకో ఇచ్చి చూడొచ్చు. రెండింటిలో ఒకటి బక్కదిగా ఉండడం మామూలే, క్లౌన్ ఫిష్ దాన్ని మరీ రుద్దేస్తుంటే కొన్నాళ్లు జాలీ బుట్ట మూసి కాపాడండి. ఏదైనా సగం కరిగిపోతూ, కుళ్లిన వాసన వేస్తుంటే మాత్రం జాలిపడి ఉంచకండి, వెంటనే తీసెయ్యండి. చచ్చిన అనిమోన్ వదిలే అమ్మోనియా ఒక్క రాత్రిలో ట్యాంకులోని చేపలన్నిటినీ చంపగలదు.

కావాలని బ్లేడుతో కోసి రెండు చేసేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో బబుల్ టిప్‌తో పాటు మరో జాతిని కూడా సగాలుగా, పావులుగా కోసి పెంచారు. సగాలు ఎక్కువగా బతికాయి, పావులు తక్కువగా బతికాయి. బబుల్ టిప్ తట్టుకున్నంతగా రెండోది తట్టుకోలేదు. సముద్రం నుంచి పట్టుకురావడం తగ్గించాలన్న ఆలోచనతో చేసిన పని అది, ఆ ఉద్దేశాన్ని గౌరవిస్తాను. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో పట్టివేత ఎక్కువగా జరిగిన దిబ్బల మీద అనిమోన్లూ, క్లౌన్ ఫిష్ రెండూ పల్చబడ్డాయి. కానీ ఇంట్లో, ఒక్కటే అనిమోన్ ఉన్నవాళ్లు, తొందరకొద్దీ బ్లేడు పట్టొద్దని నా మనవి. చీలేదైతే అది తన సైజు చూసుకుని తానే చీలుతుంది.

అలా చీలి మిగిలిన దాన్ని ఎవరికైనా ఇవ్వాలనుకుంటే పాదాన్ని గోటితో ఊడబెరకకండి. పాదం చిరిగితే కోలుకోవడం కష్టం. వీలైతే అది పట్టుకున్న రాయితో సహా ఇచ్చేయండి, రాయి తిరిగి తెచ్చుకోవచ్చు. ఇచ్చే ముందు వాళ్ల ట్యాంకు పెట్టి ఎన్నాళ్లయిందో అడగండి. ఆరు నెలలు నిండలేదంటే, ఇంకొన్నాళ్లు మీ దగ్గరే ఉంచి, నైట్రేటు, ఉప్పు సాంద్రత, వేడి వాళ్ల దగ్గర నిలకడగా ఉన్నాయని తేలాకే పంపండి.